మడి కట్టిన చెవి మిషను

నాకు వినికిడి తగ్గిందన్న సంగతి మా ఇంట్లో చాలా ఆలస్యంగా బయటపడింది. ఎదుటివాళ్ళు చెప్పేది వినే అలవాటు నాకు మొదటినుంచీ లేదు కాబట్టి, కొత్తగా వినకపోవడం ఎప్పుడు మొదలైందో కనిపెట్టే దారే లేకపోయిందని మా ఆయన వాదన. ఆ వాదనలో పస లేదని నేను ఒక పూటంతా వాదించి, చివరికి కడపలో చెవి డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన పరీక్షలన్నీ చేయించి మిషన్లు అమ్మే చోటికి పంపించాడు. అక్కడొక అమ్మాయి గాజు బల్ల మీద నల్లగుడ్డ పరిచి, దాని మీద మిషన్లు పేర్చి చూపించింది. ఒకటి వేరుశనగ గింజంత ఉంది, ఇంకొకటి చింతగింజంత. ప్రతిదాన్నీ ఎత్తి చూపిస్తూ, "పెట్టుకున్నట్టు ఎవరికీ తెలీదు మేడమ్" అనేది. నాకు ఒళ్ళు మండింది. "తెలిస్తే ఏమవుతుందమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల బిత్తరపోయి, "అందరూ అదే అడుగుతారు మేడమ్" అంది. ఆ పిల్లను ఏమనడానికీ లేదు. నేను లేచి, రేపు వస్తానని చెప్పి బయటికొచ్చి, బస్టాండులో కూర్చుని మా అమ్మను తలుచుకున్నాను. మా అమ్మ చెవి మిషను ప్రొద్దుటూరులో మా వీధి వీధంతటికీ తెలుసు. దాన్ని దాచడానికి వీల్లేదు. ఒకప్పుడైతే, దాన్ని వంటింటి గడప దాటించడానికే మా ఇంట్లో పెద్ద యుద్ధం జరిగింది.

మా ఇంటికి ముందు భాగం బట్టల అంగడి, వెనక భాగం కాపురం. కొత్త బేళ్ళు విప్పిన రోజున గంజి వాసన ఇల్లంతా నిండి, వంటింట్లో నుంచి వచ్చే శనగనూనె తిరగవాత వాసనతో కలిసి అదొక ప్రత్యేకమైన వాసన తయారయ్యేది. ఇప్పటికీ ఏ బట్టల కొట్లోకి పోయినా నాకు ఆకలేస్తుంది. అంగడి అరుగు మీద ఖాదర్ మామ కుట్టు మిషను పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా ఆడుతూనే ఉండేది. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయింది, ఇక మన సీమ పని అయిపోయిందని అంగట్లో కూర్చున్న పెద్దవాళ్ళు ఇంకా నిట్టూరుస్తుండిన కాలం. మా నాయన వాళ్ళకు వక్కాకు అందిస్తూ, అవునవునంటూ, చేతిలో గజంబద్దతో బట్ట కొలుస్తుండేవాడు. లోపలి రాజ్యం మాత్రం మా జేజిది, అంటే నాయనకు అమ్మ. ఆమె పుట్టిల్లు జమ్మలమడుగు. పెన్నేటి ఒడ్డున పుట్టినదాన్నన్న గర్వం ఆమెకు చివరిదాకా పోలేదు. మా అమ్మ రత్నమ్మది పులివెందుల. వానొస్తే పంట, రాకుంటే మంట అన్నట్టుండే మెట్ట ఊరు. ఈ రెండు ఊళ్ళ మధ్య తేడాను మా జేజి రోజుకొకసారైనా గుర్తుచేయకుండా ఉండేది కాదు.

మడి అంటే ఏమిటో తెలియని పిల్లల కోసం చెప్పాలి. తెల్లవారకముందే తలమీద నీళ్ళు పోసుకుని, ముందురోజే ఉతికి ఎవరూ తాకకుండా పొడుగు కట్టెతో ఎత్తి దండెం మీద ఆరేసిన చీర కట్టుకోవాలి. వంట, పూజ, మగవాళ్ళ భోజనాలు అయ్యేదాకా, అట్లా మడి కట్టుకున్న మనిషిని మడిలో లేనివాళ్ళు తాకకూడదు. కన్నపిల్లలైనా సరే. జేజీ, అమ్మా ఇద్దరూ మడిలో వంట చేస్తుంటే మేము గడప ఇవతల నిలబడాలి. ఇంట్లో మాటలన్నీ ఆ పూటే జరిగేవి. నాయన పీట మీద కూర్చుని తింటూ అంగడి సంగతులు చెప్పేవాడు, ఏ పెండ్లికి ఎవరు పోవాలో, ఏ బంధువుతో మాట్లాడాలో ఏ బంధువుతో మానేయాలో జేజి తేల్చేది. అమ్మ వడ్డించేది. ఆమె ఏనాడూ ఒక్క మాట కలపలేదు.

అందుకే ఆమెకు మంచి పేరు. సాయంత్రం అరుగు మీదికి చేరిన ఆడవాళ్ళ దగ్గర జేజి చెప్పుకునేది: "మా రత్న నోట్లో నాలిక లేని పిల్ల. నేనెన్నన్నా ఒగ మాట ఎదురు చెప్పదు." వాళ్ళు ముక్కు మీద వేలేసుకుని, "నీ పుణ్యమమ్మా. మా కోడలికుండేది నోరు గాదు, నగారా" అనేవాళ్ళు. అమ్మ పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతూ చిన్నగా నవ్వేది. ఆ నవ్వు చూసి వాళ్ళు ఇంకా మెచ్చుకునేవాళ్ళు. నాకు తెలిసింది మాత్రం వేరు. అమ్మతో మాట్లాడాలంటే ముందు ఆమెను తాకాలి. భుజం మీద చెయ్యి వేస్తే ఆమె తిరిగి నా మొహంలోకి, సరిగ్గా నా నోటివైపు చూసేది, అప్పుడు చెప్పాలి. ఎవరూ నేర్పకుండానే నాకది వచ్చింది. లోకంలో అమ్మలందరూ అంతేననుకున్నాను. చిక్కంతా మడి వేళల్లోనే. తాకడానికి లేదు, పిలిస్తే పలకదు. నేను గడప దగ్గర, ఎండ నా వీపు మీద పడేచోట నిలబడేదాన్ని. నా నీడ పొయ్యి ముందర పడితే అమ్మ తలెత్తేది. మబ్బు పట్టిన రోజున ఆ దారి కూడా లేక, జడ వేయించుకోకుండానే బడికి పోయేదాన్ని.

ఆ మంచి పేరు వెనక ఉన్నది ఏమిటో ఒక మధ్యాహ్నం సుబ్బయ్య మామ వల్ల బయటపడింది. ఆయన అమ్మకు అన్న. పులివెందుల నుంచి దుమ్ము కొట్టుకున్న మొహంతో వచ్చి, నడవలో నిలబడే జేజితో చెప్పాడు.

"అత్తా, మా యమ్మ పడకేసింది. రత్నను చూడాల, చూడాల అని ఒగటే కలవరిస్తాండాది. తోడకపోదామని వస్తి."

"అయ్యో, ఏందప్పా ఇది! మొన్న తిరునాళ్ళకు మంచిగనే వచ్చె గదా!" అని జేజి గట్టిగానే అంది. వంటింటి తలుపు తెరిచే ఉంది. అంగట్లో ఉన్న నాయన కూడా ఆ గొంతులు విని లోపలికొచ్చాడు. అమ్మ వంటింట్లో నుంచి మజ్జిగ చెంబుతో వచ్చింది. మొహమంతా నవ్వు. అన్న కనిపించిన నవ్వు అది.

"అన్నా, ఎప్పుడొస్తివి? అమ్మ బాగుండాదా?" అని అడిగింది.

 మామ చెంబు అందుకోలేదు. అమ్మ మొహంలోకి చూశాడు, తలుపువైపు చూశాడు, మళ్ళీ అమ్మను చూశాడు. దగ్గరికి పోయి ఆమె రెండు భుజాలూ పట్టుకుని, తన మొహం ఎదురుగా పెట్టి, ఒక్కో మాటా నెమ్మదిగా చెప్పాడు. అప్పుడు చెంబు కింద పడింది. మజ్జిగ నాపరాళ్ళ మీద పారుతుంటే మామ నాయనవైపు తిరిగాడు. "బావా, మా చెల్లెలికి చెవులు వినపడవు. ఇంతమంది ఉండారు, ఒగరికీ తెల్దా?"

"వినపడకపోయేదేంది?" అంది జేజి, కోపంగా కాదు, నిజంగానే ఆశ్చర్యపోయి. "చెప్పిన పని చెప్పినట్ల చేస్తాదే!"

నాయన తల గోక్కున్నాడు. "నేను సిగ్గనుకుంటి" అన్నాడు.

ఈ మాట గురించి నేను నాయనతో ఆయన బతికున్నన్నాళ్ళూ వాదించాను. భార్య పలక్కపోతే సిగ్గనుకునే మగవాళ్ళు, కోడలు పలక్కపోతే గుణమనుకునే అత్తలు ఉన్న ఇంట్లో చెవుడు ఎన్నేళ్ళయినా హాయిగా కాపురం చేస్తుంది. నేను పుట్టిన తర్వాత వచ్చిన జ్వరంలో అమ్మ వినికిడి పోవడం మొదలై, కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. ఎదుట నిలబడి మాట్లాడితే పెదవులు చూసి గ్రహించేది. మిగతాది పనివేళలే చెప్పేవి. పాలవాడొచ్చే పొద్దుకు పాలచెంబు, నాయన వచ్చే పొద్దుకు పీట. తిరగవాతను కంటితోనూ ముక్కుతోనూ వేసేది. మా ఇంట్లో అమ్మ వంటలో ఎన్నడూ ఆవాలు మాడలేదు.

పులివెందులలో అవ్వ, అంటే అమ్మకు అమ్మ, కూతుర్ని చూసింది, గుర్తుపట్టింది, చెయ్యి పట్టుకుంది. దగ్గరికి వంచుకుని చెవిలో ఏదో చెప్పింది. గొంతు పెగలని మనిషి చెప్పే మాట. పెదవులు చూద్దామంటే మొహం చెవికి ఆనించి ఉంది. అమ్మ అలాగేలేమ్మా అన్నట్టు తల ఊపింది. ఆ మాటేమిటో పక్కనున్న మామకు కూడా వినపడలేదు. కర్మలన్నీ అయి ప్రొద్దుటూరు తిరిగొచ్చిన తర్వాత, మద్రాసులో చెవి మిషన్లు దొరుకుతాయంట పోదామా అని నాయన భయం భయంగా అడిగినప్పుడు, అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా లేచి తన ట్రంకుపెట్టె తెరిచి చీరలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

ఎర్రగుంట్లలో రైలెక్కాం. అమ్మకు ఎవరు ఏం చెప్పినా నేనే మళ్ళీ ఆమె ఎదుట నిలబడి చెప్పాలి కాబట్టి నన్నూ తీసుకుపోయారు. మద్రాసు డాక్టరు చూసి, నరం పూర్తిగా చావలేదు, మిషనుతో వినపడుతుందని చెప్పి ఒక కొట్టుకు పంపాడు. కొట్టాయన రెండు మిషన్లు బల్ల మీద పెట్టాడు. ఒకటి పెద్దది, పాత తరహాది. దాని బ్యాటరీ వేరే సంచిలో మోయాలి. రెండోది కొత్తగా వచ్చిందంట, అగ్గిపెట్టెలు రెండు పక్కపక్కన పెట్టినంత డబ్బా. దానికొక తోలుసంచి, డబ్బాలో నుంచి చెవిదాకా సన్నటి తీగ, తీగ చివర బిరడా లాంటిది. కొట్టాయన వచ్చీరాని తెలుగులో అంతా నాయనకే చెప్పాడు. చెవులు అమ్మవి, బేరం వాళ్ళిద్దరిదీ. నాయన పెద్దదాన్ని చేత్తో ఎత్తి బరువు చూశాడు. "పెద్దదే ఇయ్యప్పా. చిన్నదాంట్లో ఏం బలముంటాది?" అన్నాడు. బట్టల వ్యాపారి కదా, ఏదైనా చేతికి బరువుగా తగిలితేనే నమ్మకం.

అమ్మ నా చెయ్యి లాగింది. "పాపా, నువ్వు వాకిలి కాడికి పో. నాకు కనపడకుండా నిలబడి ఏందన్నా మాట్లాడు" అంది. పెద్ద మిషను పెట్టుకున్నప్పుడు నేను ఎక్కాలు చదివాను. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, వీధిలో లారీ పోగానే ఉలిక్కిపడి బిరడా పీకేసింది. చిన్నది పెట్టుకున్నప్పుడు నాకు ఇక ఎక్కాలు చదవబుద్ధి కాలేదు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. "అమ్మా, నాకు ఆకలైతాంది" అన్నాను, అరవకుండా, మామూలుగానే. అమ్మ గిర్రున తిరిగింది. నా నోరు చూడకుండా, నా నీడ చూడకుండా, ఒట్టి నా గొంతుకు తిరిగింది. అట్లా ఆమె తిరగడం నా బతుకులో నేను చూసిన మొదటిసారి. "ఇదే" అంది నాయనతో. నాయన ఇంకేదో అనబోయాడు. "నేను చెప్తాండా గదా, ఇదే" అంది మళ్ళీ.

తిరుగు రైల్లో ఆమె పడిన అవస్థ అంతా ఇంతా కాదు. చక్రాల చప్పుడు, పిల్లల ఏడుపులు, తన గాజులు, తన చీర. చివరికి మిషను ఆపేసి, "ఇంత గోల్లోనా మీరంతా బతికేది?" అని మా వైపు జాలిగా చూసింది. వినికిడి వచ్చినవాళ్ళకు మొదట దొరికేది పాటలూ పక్షుల కూతలూ కావు, రొద. దానిలో నుంచి మనిషి గొంతును ఏరుకోవడం నేర్చుకోవాలి, బియ్యంలో రాళ్ళేరినట్టు. అమ్మకు ఆ పనికి నెల పైనే పట్టింది.

ఇంటికొచ్చాక ఇంకో తంటా. ఆ మిషను చేసినవాళ్ళు మగవాళ్ళ చొక్కా జేబును దృష్టిలో పెట్టుకుని చేశారు. ఆడదానికి జేబు ఏది? రవికెలో దోపుకుంటే దానికి వినపడేది రవికె రాపిడీ, పుస్తెల గొలుసు చప్పుడూ మాత్రమే. పైట మీద, మెడలో నుంచి వేలాడేట్టు కట్టుకుంటేనే మనుషుల మాట తెలుస్తుంది. అమ్మ అట్లాగే కట్టుకుంది. జేజి చూసి, "ఎద్దు మెడలో గంట కట్టినట్లుండాది" అంది. అరుగు మీది ఆడవాళ్ళకు మాత్రం గుబులు పట్టుకుంది. ఇన్నేళ్ళూ అమ్మ ముందరే అమ్మ వంట గురించీ, పుట్టింటి గురించీ, మగపిల్లవాణ్ణి కనకపోవడం గురించీ మాట్లాడుకున్నవాళ్ళే. ఇప్పుడు జేజి చెవి దగ్గరికి వంగి, "ఆ పెట్టె ఆపిందా, ఉండాదా?" అని అడిగి మరీ నోరు విప్పేవాళ్ళు.

జేజి పెట్టిన షరతు ఒకటే. వంటింట్లోకి తోలు రాకూడదు. తోలుసంచి తీసేస్తాననింది అమ్మ. సంచి తీసేసినా డబ్బా మైల వస్తువే, ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో ఏమో, మడితో దాన్ని తాకడానికి లేదంది జేజి. అంటే ఇంట్లో మాటలన్నీ నడిచే పూట అమ్మకు చెవులు లేవు. అందరూ నిద్రపోయే మధ్యాహ్నం ఉంటాయి. అమ్మ ఏమీ అనలేదు. అనకపోవడం ఆమెకు అంతగా అలవాటైపోయింది. ఆ రోజుల్లో నాకున్న భయం అదే: మధ్యాహ్నం పూట గోడలను వినడానికి ఈ మిషనెందుకని, ఆమె దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసుకుంటుందేమోనని. ఒకసారి పెట్టె దగ్గర కూర్చుని తీగను చుట్టచుట్టి చేతిలో పెట్టుకుని ఉండగా చూశాను కూడా.

ఆ తర్వాత కొన్నాళ్ళకు జేజి బావి దగ్గర పాచిపట్టిన రాతి మీద కాలు జారి పడింది. మడిలో ఉంది. వంటింట్లో, పిలుపు దూరంలో, అమ్మ మడిలోనే పప్పు రుబ్బుతోంది. "రత్నా! ఓ రత్నా!" అని జేజి ఎంత పిలిచినా ఆ రోటి ముందు నుంచి అమ్మ కదల్లేదు. పళ్ళపొడి చేతిలో వేసుకుని పెరట్లోకి వచ్చిన నేను చూసి, నాయనను కేకేసేదాకా ఆమె ఆ తడి రాళ్ళ మీద అట్లాగే పడి ఉంది. కాలు బెణికింది అంతే, ఎముక విరగలేదు. కానీ నోట్లో నాలిక లేని కోడలితో కాపురం ఎట్లా ఉంటుందో ఆ తడి రాళ్ళ మీద ఆమెకు బాగా తెలిసొచ్చినట్టుంది. మంచంలో కట్టు కట్టుకుని రెండు పూటలు ఆలోచించింది. మూడో పూట లేచి కుంటుకుంటూ తిరిగింది. ఆ రోజు బడి నుంచి వచ్చి చూద్దును కదా, పెరట్లో మడి దండెం మీద, అమ్మ చీరకూ జేజి చీరకూ మధ్య, తన తీగకే వేలాడుతూ చెవి మిషను ఉంది. దాని కొస నుంచి నీళ్ళ చుక్కలు పడుతున్నాయి.

జేజి దాన్ని కడిగింది. తోలుసంచి విప్పి పారేసి, పసుపు కలిపిన నీళ్ళలో డబ్బానూ తీగనూ ముంచి, శుభ్రంగా రుద్ది, కట్టెతో ఎత్తి ఆరేసింది. "ఇనుప డబ్బానే గదా. గిన్నెలు కడుక్కోమా?" అంది, మా మొహాలు చూసి. "రేపటి నుంచి వంటింట్లోకి తెచ్చుకోనీలే. నేను ఒప్పుకుంటి గదా, ఇంగేంది?" ఆ మొహంలో ఎంత ఔదార్యముందో చెప్పలేను. బతుకులో మొదటిసారి మడి పట్టు సడలించి కోడలికి వరమిచ్చిన ముహూర్తంలోనే ఆ వరం గొంతు పిసికేసిందని ఆమెకు తెలియదు. అమ్మ తడి మిషను తీసుకుని బిరడా చెవిలో పెట్టుకుని మీట తిప్పింది. తిప్పి తిప్పి చూసింది. "ఆరలేదేమోలే, రేపటికి ఆరుతాది" అంది జేజి, గొంతు తగ్గించి. నాయన అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. అమ్మ దండెం కింద నిలబడి నవ్వింది. అది అరుగు మీది ఆడవాళ్ళకు చూపించే నవ్వు కాదు. ఏడవడానికి ఓపిక లేనప్పుడు వచ్చే నవ్వు.

నాయన దాన్ని మద్రాసు తీసుకుపోయి బాగుచేయించి తెచ్చేసరికి చాలా రోజులైంది. ఆ రోజుల్లో జేజి ఏదో అనేది, ఆగేది, ఎవరైనా బదులిస్తారేమోనన్నట్టు చూసేది. బావి దగ్గర పిలిచిన పిలుపు ఇంకా మరిచిపోలేదేమో పాపం. మిషనొచ్చింది. నీళ్ళ తడి కూడా తగలకూడదు, తగిలితే ఇక బాగుచేయడం కుదరదని కొట్టాయన ఖండితంగా చెప్పాడని నాయన అన్నం తింటూ చెప్పాడు. అమ్మ మడి చీరలోనే ఉంది, నాయనకు వడ్డించేస్తే ఆ పూటకు ఆమె మడి పని అయిపోయినట్టే. ఆ సంతోషంలో ఆమె చెయ్యి కడుక్కుని, మడి చెడినా పోనీలే అన్నట్టు వచ్చి మిషను పెట్టుకుని, వంటింటి గడప ఇవతల నిలబడింది.

జేజి లోపలి నుంచి నిట్టూర్చింది. "నీళ్ళు తగలగూడని వస్తువు మడికెట్ల పనికొస్తాది? అయిపాయె. మీ పులివెందుల్లో నీళ్ళుంటే గదా, మడంటే ఏందో మీకు తెలిసేది!"

"నీళ్ళు లేకనే అత్తా," అంది అమ్మ, "మా యమ్మ పట్టుబట్టతో మడి కట్టుకునేది. పట్టుకు తడపే పని లేదని మీ జమ్మలమడుగులో చెప్పరా?"

నాయన చేతిలోని ముద్ద నోటిదాకా పోయి ఆగిపోయింది. నేను గోడకు అతుక్కుపోయాను. ఆ ఇంట్లో అమ్మ ఎదురు మాట చెప్పడం అదే మొదలు. జేజి గరిటె కింద పెట్టింది.

"చెప్తారు. నాకు తెల్దనుకుంటివా?"

"తెలిస్తే ఇన్ని దినాలు చెప్పలేదేం?"

"నువ్వడిగితివా?"

"నాకు వినపడితే గదత్తా అడిగేది!"

 జేజి నాయనవైపు తిరిగింది. "ఏందిరా అట్ల చూస్తాండావు? తినేసి పోయి అంగట్లో పట్టు గుడ్డ ఉంటే ఖాదర్‌కియ్యి. పెట్టెకు సరిపోను సంచి కుట్టమను" అంది. ఖాదర్ మామ మిగిలిన రవికె గుడ్డ ముక్కతో, వంగపండు రంగు పట్టు సంచి కుట్టాడు. అంచున సన్నటి జరీ పెట్టి, "పెట్టెకు మాట వినపడాల గదమ్మా" అంటూ ముందువైపు చిన్న కిటికీ కూడా వదిలాడు. అది లోపలికి రాగానే, ఎవరూ అడగకముందే జేజి, "పట్టుకు ఎవురి చెయ్యి తగిలినా అంటు లేదు" అని ప్రకటించింది. అది ఏ శాస్త్రంలో ఉందో నేను ఎన్నడూ వెతకలేదు. వెతికి, లేదని తేలితే ఎవరికి లాభం?

మరునాడు మబ్బు పట్టింది. నేను జడ విప్పుకుని గడప దగ్గర నిలబడి, "అమ్మా" అన్నాను. ఆమె పొయ్యిలో కట్టె ఎగదోస్తోంది. వెనక్కి తిరగలేదు. "ఆగు మే, చేతిలో పనుండాది" అంది. అందరి అమ్మల్లాగే, తిరగకుండా, విసుగ్గా. ఆ విసుగు నాకెంత బాగుండిందో! బడికి ఆలస్యమైపోతున్నా ఊరికే ఇంకో రెండుసార్లు పిలిచాను.

ఆ తర్వాత మా ఇల్లు ఇల్లులా తయారైంది. పప్పులో పులుపు దగ్గర నుంచి పెన్నేటి నీళ్ళ రుచిదాకా ఆ ఇద్దరూ దేనిమీదైనా సరే వాదించుకునేవాళ్ళు. అమ్మ ఓడిపోయేట్టుంటే చెయ్యి మెల్లగా పట్టు సంచి మీదికి పోయేది, మీట తిరిగేది. "చూడు, చూడు, నా నోరు మూసేసె!" అని జేజి లబలబలాడేది. మంచి కోడల్ని ఆ మిషను చెడగొట్టిందని అరుగు మీది ఆడవాళ్ళు సానుభూతి చూపిస్తే, "మా కోడలు నాతో మాట్లాడతాండాది. మీకేం పాయె?" అని జేజి వాళ్ళ మీదికే లేచింది. బ్యాటరీ అయిపోయిన రోజున ఆమె పడే హైరానా చూడాలి. బ్యాటరీ తెప్పించడానికి, ఎర్రగుంట్లలో మద్రాసు రైలెక్కే మనిషి ఎవరున్నారా అని నాయనను ఊరి మీదికి తరిమేది.

నేను కాలేజీలో చేరిన తర్వాత ఒకసారి అమ్మను అడిగాను, అన్నేళ్ళు వినపడకపోతే ఎవరికీ ఎందుకు చెప్పలేదని. నాకు కోపంగానే ఉండింది. అమ్మ బియ్యంలో రాళ్ళేరుతూనే, "అందరూ మంచిదాన్నంటాండ్రి పాపా. కాదు, నాకు చెవుడని ఎట్ల చెప్పేది? ఉండేది ఆ పేరొగటే" అంది. నేను ఆ మాటతో కూడా వాదించాలని చూశాను. కుదరలేదు.

బస్టాండులో ఇదంతా తలుచుకున్న మరునాడు మళ్ళీ కడపకు పోయి, చెవి వెనక తగిలించుకునే మిషను తీసుకున్నాను. కొంచెం బయటికి కనిపించేది. చేత్తో తిప్పుకోవడానికి మీట ఉన్నది. దాన్ని చెవికి తగిలించుకుని మీట తిప్పాక, మిషన్లు అమ్మే ఆ పిల్ల మాట్లాడుతుంటే, దాని గొంతు ఇంత లేతగా ఉంటుందా అని ఆశ్చర్యపోయాను. మా అమ్మ కష్టాల్లో ఒక్కటీ నాకు లేదు. మద్రాసు రైలు లేదు, మడి లేదు, రవికె రాపిడి లేదు, నా చెవుల బేరం నేనే చేసుకున్నాను. ఇంటికొస్తే కుక్కరు కూత, కొళాయి చుక్కలు, మా ఆయన నా మీద గొణుక్కునేదంతా వినపడుతున్నాయి, వాటికి అప్పటికప్పుడే జవాబులు చెప్తున్నాను. ఇంత తొందరగా ఎట్లా ఒప్పుకున్నావు, సిగ్గనిపించలేదా అని నా స్నేహితురాలొకతె అడిగింది. ఆమెకు కూడా వినపడదని, దాచుకుంటోందని నాకు తెలుసు. నాలో గొప్పతనమేమీ లేదని చెప్పాను. నన్ను ఏనాడూ ఎవరూ మంచిదని అనలేదు, అందువల్ల చెవుడొచ్చిందని చెప్పుకోవడానికి నాకు పోయేదేమీ లేకపోయింది. భుజం మీది మూట దించినట్టు ఉండే ఈ తేలికను నేను ఇదివరకే ఒకసారి చూశాను, వంటింటి గడప ఇవతల, మంచి కోడలన్న పేరు పోగొట్టుకున్న పూట, మా అమ్మ మొహంలో.